ఉచిత రీప్లేస్‌మెంట్ హామీ చూసి తోట కాంట్రాక్టు ఇవ్వకండి

"చచ్చిన మొక్క స్థానంలో ఉచితంగా కొత్తది వేస్తాం." తోట పని ఒప్పుకునేవాళ్లు చూపించే ఈ హామీని నమ్మి సంతకం పెట్టేముందు కాస్త ఆగండి. అదే గుంటలో అదే రకం మొక్కను మూడుసార్లు నాటినా వాళ్లు మాట నిలబెట్టుకున్నట్టే లెక్క. మొదటిది ఎందుకు చచ్చిందో తేల్చాలని ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

ఒకే ఆవరణలో నాలుగైదు రకాల వాతావరణం ఉంటుంది. పడమటి ఎండ తగిలే గోడ వేడిని పీల్చుకుని పొద్దుగూకాక కూడా వదులుతూనే ఉంటుంది. దాన్ని ఆనుకుని నాటిన నీడ మొక్క రాత్రి కూడా తేరుకోదు. పెద్ద అద్దాల కిటికీ ఎదురుగా ఉన్న మొక్కకు నేరుగా పడే ఎండ ఒకటి, అద్దం మీంచి కొట్టేది ఇంకొకటి. చూరు కింద సంగతి వేరు: ఎంత వాన కురిసినా గోడవార మన్ను పొడిగానే ఉండొచ్చు. వాన పడింది కదా అని ఆ రోజు అన్నిటికీ నీళ్లు మానేసే మాలి ఆ వరుసను ఎండగడతాడు. చల్లగాలి బరువుగా ఉండి పల్లానికి చేరుతుంది కాబట్టి, మంచు గడ్డకట్టే చోట్ల ముందు మాడేది పల్లంలోని మొక్కే.

ఎక్కువ మొక్కలు పోయేది మాత్రం నీళ్ల దగ్గరే. నేల ఎప్పుడూ తడిగా ఉంటే వేళ్లకు గాలి అందదు, కుళ్లిపోతాయి, నీళ్లు పీల్చలేవు. అప్పుడు ఆకు వాలిపోతుంది, అచ్చం నీళ్లు చాలనట్టే! మాలి ఇంకో బకెట్ పోస్తాడు. మధ్యాహ్నం వాలి సాయంత్రానికి నిలబడితే కంగారు లేదు. తెల్లవారుజామున కూడా వాలే ఉంటే, పాదులో వేలు 5 సెంటీమీటర్లు దించి చూడాలి. పొడిగా ఉంటే నీళ్లు పోయాలి, తడిగా ఉంటే వేళ్లు కుళ్లాయేమో చూడాలి. వేలు దించకుండా పైపు అందుకునే మనిషిని పనిలో పెట్టుకోవద్దు.

మనిషిని ఎంచుకునేటప్పుడు ఎన్నేళ్ల అనుభవం అని అడగడం దండగ. మధ్యాహ్నం మూడింటికి పిలిచి, ఒక పావుగంట తోటలో వదిలేయండి. ఉత్తరం ఎటు, వాన తర్వాత నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, గాలి ఎటునుంచి కొడుతుంది అని అడిగితే పనికొస్తాడు. వచ్చీ రాగానే మొక్కల పేర్ల జాబితా చదివితే ఆలోచించుకోండి. గాలిని ఆపడానికి నిండు గోడ కట్టమన్నా అంతే. దాని వెనక గాలి సుడులు తిరుగుతుంది. సగం గాలిని వదిలే కంచె చెట్ల వరుస అంతకన్నా మేలు.

నాటేముందు రెండు పనులు చేయించి, ఫలితం కాగితం మీద రాయించుకోండి. మొదటిది ఎండ లెక్క: పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు వరకు గంటకోసారి ఒకేచోట నిలబడి ఫోటో తీయాలి. నేరుగా 6 గంటలు, ఆపైన పడితే పూర్తి ఎండ, 3 నుంచి 6 అయితే పాక్షిక నీడ. ఒక్కరోజు లెక్కతో సరిపెట్టనివ్వకండి, చలికాలంలో పక్క మేడ నీడ బాగా పొడవవుతుంది. రెండోది నీరు ఇంకే పరీక్ష: 30 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు గుంట తీసి, ఒకసారి నింపి ఇంకనివ్వాలి. మళ్లీ నింపి గంటకు ఎంత దిగిందో కొలవాలి. 2.5 నుంచి 5 సెంటీమీటర్లు దిగితే చాలా మొక్కలకు సరిపోతుంది. అంతకన్నా తక్కువైతే మడి ఎత్తు చేయాలి, లేదా తడి ఓర్చుకునే మొక్క ఎంచుకోవాలి.

ఇంకో మోసం. నర్సరీలో షేడ్ నెట్ కింద పెరిగిన మొక్కను తెచ్చిన రోజే మండుటెండలో నాటితే ఆకుల మీద తెల్లటి, గోధుమరంగు మచ్చలొస్తాయి. దాన్ని తెగులు అని చెప్పి మందు పిచికారీకి విడిగా బిల్లు వేస్తారు. మచ్చలు ఎండవైపు ఆకుల మీదే ఉండి, నీడవైపువి శుభ్రంగా ఉంటే అది ఎండదెబ్బే కావచ్చు. వారం పది రోజులు రోజూ కాస్త ఎక్కువసేపు ఎండ చూపించి నాటితే ఈ గొడవ ఉండదు.

ఒప్పందంలో మూడు మాటలు చేర్పించండి. కారణం రాతపూర్వకంగా ఇచ్చాకే మారు మొక్క నాటాలి. గోడవార, చూరు కింద, పల్లంలో, ఆరుబయట డ్రిప్ వాల్వులు వేర్వేరుగా ఉండాలి. చివరి వాయిదా ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాకే చెల్లించాలి. మూడోదానికి ఎలాగూ పేచీ పెడతారు, పట్టుబట్టండి.