అడెల్ ‘21’ వినాలా, ‘30’ వినాలా?

బ్రిటిష్ గాయని అడెల్ పాడిన ఈ రెండూ ఆమె బంధాలు తెగిపోయాక పుట్టిన ఆల్బమ్‌లే. 2011లో వచ్చిన ‘21’ వెనక ఒక ప్రేమ బెడిసికొట్టిన బాధ ఉంది. 2021 నవంబరులో వచ్చిన ‘30’ వెనక విడాకులున్నాయి, ఆ మధ్యలో నలిగిన చిన్న కొడుకున్నాడు. తేడా అంతా అక్కడే.

కోపం: ‘21’లో ఎదుటివాడి మీద. ‘30’లో చాలావరకు తన మీద తనకే.

శ్రమ: ‘21’లో ఏ పాటైనా విడిగా పెట్టుకోవచ్చు, మొదటిసారికే పట్టేస్తుంది. ‘30’ని మాత్రం వరసగా వినాలి. అడెల్ అడిగిందనే పాటల యాప్ స్పాటిఫై, ఆల్బమ్‌లు వరసక్రమంలో మోగేలా మార్పు చేసింది.

రిస్క్: ‘30’తోనే ఎక్కువ. ‘మై లిటిల్ లవ్’లో పాట మధ్యమధ్య కొడుకుతో ఆమె మాట్లాడిన మాటలు వినిపిస్తాయి. చివర్లో ఒక వాయిస్ నోట్, అందులో ఒంటరితనం గురించి చెబుతూ ఏడ్చేస్తుంది. ఒక పాప్ స్టార్ ఇంతగా మనసు విప్పడం అరుదు. పిల్లలున్నవాళ్లు దాన్ని నలుగురిలో వినకపోవడమే మంచిది. ‘21’లోని ‘సమ్‌వన్ లైక్ యూ’ కూడా ఏడిపిస్తుంది. పియానో, గొంతు, అంతే. కానీ ఏడ్చాక గుండె తేలికపడుతుంది.

నా దృష్టిలో గొప్ప ఆల్బమ్ ‘30’. అయినా గాయం ఇంకా పచ్చిగా ఉండి, గట్టిగా అరవాలనిపిస్తుంటే ముందు ‘21’ పెట్టుకోండి. ఏళ్ల బంధం తెగిపోయి, తప్పెవరిదో తేలక నిద్రపట్టనివాళ్లకు ‘30’.