24 గంటల అటెండెంట్ సేవ: స్నానానికి నాలుగు మార్కులు, నర్సింగుకు ఒకటి

పక్షవాతంతో మంచం పట్టి, ఆహారం పోసే ముక్కుగొట్టం, మూత్రం పోయే గొట్టం (యూరిన్ క్యాథెటర్)తో డిశ్చార్జి అయిన 80 దాటిన పేషెంటుకు హైదరాబాద్‌లో ఒక హోమ్ కేర్ ఏజెన్సీ ఇచ్చిన సేవ ఇది. స్నానం, డైపర్లు, నోటి శుభ్రం బాగున్నాయి. అటెండెంట్ మాటతీరుకూ వంక లేదు.

ఇబ్బందల్లా "ఎయిర్ బెడ్ ఉందిగా, తిప్పక్కర్లేదు" అన్న సూపర్‌వైజర్ మాటతో మొదలైంది. ఎయిర్ బెడ్ (పడకపుండ్లు రాకుండా పంపుతో గాలి నింపే పరుపు) ఉన్నా పేషెంటును పక్కలు తిప్పాల్సిందే. మామూలుగా రెండు గంటలకోసారి. చర్మం బాగుంటే వ్యవధి పెంచాలో లేదో డాక్టరు చెబుతారు. పూర్తిగా పక్కకు తిప్పితే బరువంతా తుంటి మీద పడుతుంది కాబట్టి వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు ఒరిగిస్తే చాలు. దిండు పిక్కల కింద ఉండి మడమలు గాల్లో ఉండాలి. ఇక్కడ మడమల కిందే పెట్టారు. పంపు నాబ్ పేషెంటు బరువును బట్టి తిప్పాలి. ఫుల్‌లో పెడితే బెడ్ బల్లలా గట్టిపడుతుంది. దానిపైన దుప్పటి, రబ్బరు షీటు, మళ్లీ దుప్పటి పరిచారంటే బెడ్‌కు పెట్టిన డబ్బు దండగే.

నడుం కింద ఎర్రబడ్డ చోట నూనె రాసి రుద్దారు. వేలితో నొక్కి వదిలినా తెల్లబడకపోతే అది పడకపుండుకు మొదటి మెట్టు, రుద్దితే లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. చామనఛాయ వాళ్లలో ఎరుపు సరిగా తెలియదు, అక్కడ వేడి, గట్టితనం చేత్తో చూడాలి. నడుం కింద పెట్టే గాలి రింగు (ట్యూబు లాంటి దిండు) కూడా వద్దు.

అన్నిటికన్నా ప్రమాదం, చదునుగా పడుకోబెట్టి గొట్టంలో జావ పోయడం. అది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియానే. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తాలి, పోశాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. పోసేముందు ముక్కు దగ్గర గొట్టం మీది గుర్తు జరిగిందేమో చూడాలి. మాత్రలన్నీ కలిపి నూరి పోశారు. గొట్టం మూసుకుపోయేది సాధారణంగా ఇలాగే. ఒక్కో మాత్ర విడిగా, మధ్యలో నీళ్లు. పేరు పక్కన ఎస్ఆర్, ఈఆర్ అని ఉన్నవి అసలు నూరకూడదు, రోజంతా మెల్లగా దిగాల్సిన మందు ఒక్కసారే దిగిపోతుంది. డాక్టరును అడిగి మార్పించుకోవాలి.

పక్కలు మార్చేటప్పుడు యూరిన్ బ్యాగు పొట్ట మీద పెట్టడం ఇంకో తప్పు. అది ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందనే, నేలకు తగలకుండా వేలాడాలి.

తప్పు అటెండెంట్ మీద తోసేయలేం. పగలంతా చాకిరీ చేసిన ఒక్క మనిషి రాత్రి రెండు గంటలకోసారి లేస్తుందని ఏజెన్సీ ఎలా అనుకుంది? పైగా బిల్లులో "నర్సు" అని ఉంది, వచ్చింది శిక్షణ లేని ఆయా. గొట్టాలున్న పేషెంటుకు ఏఎన్ఎం గానీ జీఎన్ఎం గానీ (నర్సింగ్ కోర్సు చదివినవాళ్లు) కావాలి, రిజిస్ట్రేషన్ నంబరు అడిగి మరీ తీసుకోండి. 12 గంటల చొప్పున ఇద్దరిని పెట్టించండి. చార్టు ఏజెన్సీ ఇవ్వకపోతే మీరే ఒక నోటుబుక్కులో గీయండి: టైము, ఏ పక్క, ఫీడ్ ఎన్ని ఎంఎల్, యూరిన్ ఎన్ని ఎంఎల్, చర్మం, సంతకం. డ్యూటీ మారేటప్పుడు ఇద్దరూ పేషెంటు వీపు కలిసి చూశాకే మొదటి మనిషిని పంపండి.