చవకగా కొన్న మొదటి కారుకు ఏ మార్పులు చేయించవచ్చు: ఒక సమీక్ష

చవకగా చేతికొచ్చిన మొదటి కారుకు ఏ మార్పు చేయించినా, అమ్మే రోజున ఆ ఖర్చు తిరిగి రాదు. కొనడానికి వచ్చినవారు ఇంజను చప్పుడు వింటారు, తుప్పు ఎక్కడుందో వెతుకుతారు, టైర్లు చూస్తారు. ముచ్చటపడి వేయించిన స్పాయిలర్‌కు విడిగా ధర కట్టరు సరికదా, ఈ కారును ఎంత దూకుడుగా నడిపారోనని అనుమానపడతారు. కాబట్టి కారు మన దగ్గర ఉన్నన్నాళ్లూ నడిపేవారికి ఏం ఒరుగుతుందన్న లెక్కతోనే ప్రతి మార్పునూ తూచాలి. టర్బో లేని చిన్న పెట్రోలు ఇంజను, 13 అంగుళాల ఇనుప రిమ్ములు, హాలోజెన్ హెడ్‌లైట్లు ఉన్న సెకండ్‌హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్‌ను దృష్టిలో పెట్టుకుని ఈ సమీక్ష రాస్తున్నాను.

ఆ లెక్కన మొదటి స్థానం నిస్సందేహంగా టైర్లది. బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షన్ ఎంత మంచివైనా వాటి పనితనమంతా నేలకు చేరేది ఒక్కో టైరు కింద అరచేయంత మేర ఆనే రబ్బరు ద్వారానే. సెకండ్‌హ్యాండ్ కార్లకు తరచుగా గాడులు నిండుగా ఉండి, రబ్బరు మాత్రం గట్టిపడిపోయిన టైర్లు ఉంటాయి. పొడి రోడ్డు మీద ఆ లోపం తెలియదు, వానలో బ్రేకు వేసినప్పుడు తెలుస్తుంది. టైరు పక్కగోడ మీద డీవోటీ అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 3519 అని ఉంటే ఆ టైరు 2019వ సంవత్సరం 35వ వారంలో తయారైందని అర్థం. గాడుల అడుగున అడ్డంగా కనిపించే చిన్న గట్ల ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి వాటితో సమానమైతే మార్చక తప్పదు, వానల్లో ఎక్కువగా తిరిగేవారు అంతదాకా ఆగకపోవడమే మంచిది. అసలు సైజులోనే పేరున్న కంపెనీ టైర్లు నాలుగూ వేయించి, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించాక కారు నడకలో వచ్చే తేడా, కింద చెప్పబోయే మార్పులన్నీ కలిపినా రాదు. నైట్రోజన్ నింపడానికి అదనంగా అడిగితే వద్దనవచ్చు. మామూలు గాలిలో 78 శాతం ఉన్నది నైట్రోజనే. ఆ డబ్బుతో నమ్మకమైన ప్రెజర్ గేజి ఒకటి కొనుక్కుంటే నయం.

అల్లాయ్ వీల్స్‌ను అంతగా మెచ్చుకోలేను, పూర్తిగా కొట్టిపారేయనూ లేను. టైరు సైజులో మొదటి సంఖ్య మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, ఆర్ తరువాతది అంగుళాల్లో రిమ్ము వ్యాసం. 155/80 ఆర్13 టైరు మొత్తం వ్యాసం సుమారు 578 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు 124. దాని బదులు 175/65 ఆర్14 వేస్తే వ్యాసం 583 అవుతుంది. తేడా ఒక శాతం లోపే కనుక స్పీడోమీటరు లెక్క పెద్దగా తప్పదు, మలుపుల్లో పట్టు కొంత మెరుగవుతుంది. 15 అంగుళాలకు పోయి 185/55 వేస్తే వ్యాసం దాదాపు అంతే ఉన్నా పక్కగోడ 102కు తగ్గుతుంది. అంటే గుంతలో పడినప్పుడు దెబ్బను మింగవలసిన రబ్బరు తగ్గి, ఆ దెబ్బ రిమ్ముకూ, అక్కడి నుంచి మన నడుముకూ చేరుతుంది. చవక అల్లాయ్‌లు ఇనుప రిమ్ముల కన్నా తేలికగా ఉంటాయన్న హామీ కూడా లేదు. ఇనుప రిమ్ము సాధారణంగా వంగుతుంది, అల్లాయ్ అయితే పగిలే అవకాశమే ఎక్కువ. ఒక మెట్టు పెంచడం సరే, రెండు మెట్లు వద్దన్నది నా తీర్పు.

బ్రేకుల విషయం క్లుప్తంగానే చెప్పవచ్చు. రంధ్రాల డిస్కులు, ఎర్రరంగు క్యాలిపర్ కవర్లు ఇంత చిన్న కారుకు పైన పటారం మాత్రమే; కావలసినవి మంచి ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఆయిల్. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ చేరాక ఆ హద్దు 155 దాకా దిగవచ్చు. కొండదారి దిగుతూ పదేపదే బ్రేకు వేసినప్పుడు ఆయిల్ మరిగి బుడగలు పుడితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బ్రేకు పట్టదు.

టైర్ల తరువాత నేను ఎక్కువ మార్కులు వేసేది హెడ్‌లైట్లకు, అది కూడా బల్బులకు కాదు, వైరింగుకు. పాత చవక కార్లలో హెడ్‌లైటు కరెంటంతా డ్యాష్‌బోర్డు స్విచ్చి గుండా సన్నని తీగల మీదుగా వస్తుంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టుల దాకా చూపే మల్టీమీటరును బల్బు హోల్డర్ దగ్గర పెడితే 12కు అటూఇటూగా చూపడం అరుదేమీ కాదు. హాలోజెన్ బల్బుకు వోల్టేజి పది శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది. బ్యాటరీ నుంచి నేరుగా, ఫ్యూజుతో, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) వైరింగు వేయిస్తే అదే హెచ్4 బల్బు, అదే 60/55 వాట్లతో రోడ్డును వేరుగా చూపిస్తుంది. దీనికి బదులు 100/90 వాట్ల బల్బులు పెడితే హోల్డర్ కరిగిపోయే ప్రమాదం ఉంది. హాలోజెన్ రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ బల్బు దూర్చడం మరీ అన్యాయం. ఆ అద్దం వంపులన్నీ ఫిలమెంటు ఉండవలసిన కచ్చితమైన స్థానాన్ని బట్టి చెక్కినవి కావడం వల్ల, వెలుతురు రోడ్డు మీద పడకుండా చెదిరి ఎదుటివారి కళ్లలో పడుతుంది. పసుపెక్కిన ప్లాస్టిక్ ముఖాన్ని నీటి సాండ్‌పేపరుతో, గరుకు నుంచి మెత్తనికి మారుతూ రుద్ది, పాలిష్ చేసి, పైన యూవీ పూత వేయిస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది. పూత వేయకపోతే కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది.

ఇంజను శక్తి పెంచుతామంటూ అమ్మే వస్తువుల్లో ఈ తరగతి కారుకు పనికొచ్చేది నాకు కనిపించలేదు. పెద్ద గొట్టం సైలెన్సర్ పెంచేది చప్పుడును; చప్పుడు పెరిగేసరికి పికప్ పెరిగినట్టు అనిపిస్తుంది, అంతే. పైపు లేకుండా బానెట్ కింద పెట్టే తెరిచిన ఎయిర్ ఫిల్టర్ ఇంజను వేడికి పలచబడిన గాలిని పీలుస్తుంది, కంపెనీ అమర్చిన గొట్టమేమో బయటి చల్లని గాలిని తెచ్చేలా అమర్చినది. రీమ్యాప్, అంటే ఇంజనును నడిపే కంప్యూటరు ప్రోగ్రామును మార్చడం, టర్బో ఇంజన్లలో నిజంగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ బూస్టు, అంటే టర్బో ఇంజనులోకి నెట్టే గాలి ఒత్తిడి, పెంచే వీలుంది. టర్బో లేని ఇంజనులో మిగిలేది చాలా స్వల్పం. ఆ డబ్బు కొత్త స్పార్క్ ప్లగ్గులకు, అసలు రకం ఫిల్టర్‌కు పెడితే పోగొట్టుకున్న శక్తయినా తిరిగి వస్తుంది.

సస్పెన్షన్‌లోనూ అంతే. స్ప్రింగులు కోయించి కారును కిందికి దించడం ఈ జాబితాలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మార్పు. చుట్లు తగ్గితే స్ప్రింగు బిగుసుకుంటుంది, షాక్ అబ్జార్బర్ దానికి చాలదు, చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు స్ప్రింగు తన స్థానం నుంచి తప్పుకోవచ్చు. అరిగిన బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు ముక్కలు), కారిపోతున్న షాక్ అబ్జార్బర్లు మార్పిస్తే ఎవరికీ కనిపించదు కానీ కారు కొత్తగా ఉన్నప్పటిలా నడుస్తుంది. రిమ్ము సైజు, కారు ఎత్తు, ఇంజను శక్తి, వీటిలో దేనిని మార్చినా ఇన్సూరెన్స్ వారికి ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి. చెప్పని మార్పును సాకుగా చూపి క్లెయిము నిరాకరించడానికి అవకాశం ఇవ్వకూడదు.

విలాసాల్లో నేను సమర్థించేది మ్యూజిక్ సిస్టమ్ ఒక్కటే, అదీ రివర్స్ కెమెరాతో కలిపి. ముందు తలుపుల్లో మంచి స్పీకర్లు రెండు, తలుపు రేకుకు లోపలి వైపు అదురు తగ్గించే డ్యాంపింగ్ షీటు చాలు. డిక్కీ నింపే సబ్‌వూఫర్ అవసరం లేదు. పాత తీగలను కత్తిరించకుండా, ఆ మోడల్‌కు సరిపోయే కప్లర్‌తోనే (తీగలను కలిపే ప్లగ్గు) పని చేయమని ముందే చెప్పి ఒప్పించుకోవాలి. సీట్లలోనే సైడ్ ఎయిర్‌బ్యాగులు ఉన్న కారుకు, అవి తెరుచుకునే చోట కుట్టు విడిపోయేలా తయారుచేసిన కవర్లు తప్ప వేరేవి వేయకూడదు. మ్యాట్లు కంపెనీ కొక్కేలకు తగులుకునేవే తీసుకోవాలి; జారిన మ్యాట్ యాక్సిలరేటర్‌ను పట్టేసే ప్రమాదం వల్లనే 2009లో టయోటా లక్షల కార్లను రీకాల్ చేసింది. పాత మ్యాట్ మీదే కొత్తది పరవడం ఇంకా ప్రమాదం, పాతది తీసేసి కొత్తది వేసుకోవాలి.