గెలిచిన కోచ్ ఉన్నచోటే ఉండాలా, వెళ్లిపోవాలా?

అమెరికా కాలేజీ ఆటలని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ మార్చిలో పెట్టే బాస్కెట్‌బాల్ టోర్నమెంట్‌లో ఏటా ఏదో ఒక చిన్న కాలేజీ పెద్ద టీమ్‌ని మట్టి కరిపిస్తుంది. ఏప్రిల్ వచ్చేసరికి అందరి కళ్లూ దాని కోచ్ మీదే. అమెరికాలో ఉంటూ కాలేజీ బాస్కెట్‌బాల్ పిచ్చి పట్టిన మనవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగేది ఒకటే: ఆ కోచ్ అక్కడే ఉంటే మేలా, పెద్ద కాలేజీకి వెళ్తే మేలా, ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌బీఏకి వెళ్తే మేలా?

జీతం సంగతైతే వెళ్తేనే ఎక్కువ, అందులో వాదన లేదు. నేను చూసేది వేరు. వరుసగా రెండేళ్లు ఓడితే ఆ కోచ్ వెనక నిలబడేదెవరు?

మైక్ షషెఫ్‌స్కీ 1980లో డ్యూక్ యూనివర్సిటీకి కోచ్‌గా వచ్చాడు. మొదటి మూడు సీజన్లలో 38 గెలుపులు, 47 ఓటములు. 1983 మార్చిలో వర్జీనియా చేతిలో 109-66తో చిత్తు. ఆ రాత్రి అందరూ ఒక మామూలు హోటల్లో తినడానికి కూర్చున్నప్పుడు, ఈ రోజుని మర్చిపోదామంటూ ఒకరు గ్లాసు ఎత్తారట. మర్చిపోవడానికి వీల్లేదన్నాడు షషెఫ్‌స్కీ. ఆయన్ని తీసెయ్యమని పూర్వ విద్యార్థులు గోల పెడుతున్నారు. కాలేజీ ఆటల విభాగానికి పెద్ద, అంటే అథ్లెటిక్ డైరెక్టర్, టామ్ బటర్స్ తీసెయ్యలేదు సరికదా, 1984 జనవరిలో కాంట్రాక్టు పొడిగించాడు. ఆ తర్వాతే అయిదు ఎన్‌సీఏఏ టైటిళ్లు వచ్చాయి. అంతకుముందు ఆర్మీ (సైనిక కాలేజీ) టీమ్ కోచ్‌గా గెలిచినవి కూడా కలిపితే, 2022లో రిటైరయ్యేనాటికి 1,202 గెలుపులు. మధ్యలో 2004లో ఎన్‌బీఏ టీమ్ లేకర్స్ పిలిచినా కదల్లేదు.

ఇప్పుడు షాకా స్మార్ట్‌ని చూడండి. 2011లో వీసీయూ అనే యూనివర్సిటీని ఫైనల్ ఫోర్ దాకా, అంటే చివరి నాలుగు టీమ్‌ల దాకా తీసుకెళ్లాడు. 2015 ఏప్రిల్‌లో టెక్సస్ యూనివర్సిటీ ఎగరేసుకుపోయింది. ఆయన్ని ఏరికోరి తెచ్చుకున్న డైరెక్టర్ స్టీవ్ ప్యాటర్సన్ సెప్టెంబర్‌లోనే పదవి పోగొట్టుకున్నాడు, అంటే కొత్త కోచ్ అక్కడ ఒక్క మ్యాచైనా ఆడించకముందే! స్మార్ట్ ఆరు సీజన్లు ఉన్నా ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో ఒక్క మ్యాచ్ గెలవలేదు. చివరిది 2021లో, అబిలీన్ క్రిస్టియన్ చేతిలో 53-52తో ఓటమి. పోనీ ఆట తెలియదా అంటే, మార్కెట్‌కి వెళ్లి 2023లో బిగ్ ఈస్ట్ అనే కాలేజీల లీగ్ టైటిల్ కొట్టాడు. (ఈ మార్కెట్ మన సంత కాదు, మిల్వాకీలో ఉన్న యూనివర్సిటీ.)

మరి ఇంకో పేరున్న కోచ్ జాన్ కాలిపరి సంగతేంటని మీరడుగుతారు. నిజమే, తిరిగిన ప్రతి కాలేజీలోనూ గెలిచినవాడు. మసాచుసెట్స్, మెంఫిస్, కెంటకీ, ఇప్పుడు ఆర్కాన్సా. 2012 టైటిల్ కెంటకీలోనే వచ్చింది. కాకపోతే మసాచుసెట్స్, మెంఫిస్ వదిలేశాక ఆ రెండుచోట్లా ఫైనల్ ఫోర్ రికార్డుల్ని ఎన్‌సీఏఏ రద్దు చేసింది. మధ్యలో ఎన్‌బీఏలో నెట్స్ వాళ్లు మూడో సీజన్‌లోనే ఇంటికి పంపారు.

ఎన్‌బీఏ దారిలో నిలదొక్కుకున్నది బ్రాడ్ స్టీవెన్స్. బట్లర్ అనే చిన్న యూనివర్సిటీ కోచ్‌గా 2010, 2011 రెండేళ్లూ ఫైనల్ ఆడించాడు. 2010లో డ్యూక్ మీద ఆఖరి క్షణంలో గోర్డన్ హేవార్డ్ మధ్య గీత దగ్గర్నుంచి విసిరిన బంతి రింగుకు తగిలి బయటికి పోయింది. 61-59తో డ్యూక్‌దే గెలుపు. అది పడి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు. 2013లో సెల్టిక్స్‌కి వెళ్లాడు. మొదటి సీజన్‌లో 25 గెలిచి 57 ఓడారు. అయినా ఎవరూ కంగారు పడలేదు, ఎందుకంటే ఆరేళ్ల కాంట్రాక్టుతో తెచ్చుకున్నారు. అక్కడా పనిచేసింది ఆ ఓపికే.

పెద్ద కోచ్ దగ్గర అసిస్టెంట్‌గానే ఉండిపోవడం కూడా ఒక దారే. టెన్షన్ తక్కువ, పేరూ తక్కువ.

నా మొగ్గు ఉండిపోవడానికే. గొంజాగా యూనివర్సిటీలో మార్క్ ఫ్యూ 1999 నుంచి హెడ్ కోచ్, అంతకుముందు అక్కడే అసిస్టెంట్. టైటిల్ రాలేదు గానీ 2017, 2021లో ఫైనల్ ఆడాడు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. 2021 నుంచి ఆటగాళ్లు ఏడాది పాటు ఆట మానుకుని కూర్చోకుండానే కాలేజీ మారొచ్చు, తమ పేరు వాడుకునే ప్రకటనల్లాంటి వాటితో డబ్బూ సంపాదించుకోవచ్చు. కోచ్ ఉండిపోయినా, బాగా ఆడిన కుర్రాళ్లని వసంతం రాగానే పెద్ద కాలేజీలు లాగేసుకుంటాయి. వెళ్లక తప్పదనుకునే కోచ్‌కి నేను చెప్పేదొక్కటే: జీతం ఎన్ని మిలియన్లో అడిగే ముందు, నిన్ను తీసుకుంటున్న డైరెక్టర్ కాంట్రాక్టు ఇంకా ఎన్నేళ్లుందో అడుగు.