కోట గోడా, కురుక్షేత్రం రాత్రా?

నల్లగొండలో ఆదివారం మా డాబా మీదే ఆట: తలా ఒక పాత్ర వేసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే రోల్‌ప్లేయింగ్ గేమ్. ఈసారి ఆటగాళ్లే రాక్షసులు. ఏ యుద్ధం పెట్టాలి?

'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' కథలో హెల్మ్స్ డీప్ కోట మీద పడే ఓర్క్‌లనే రాక్షసులైతే తయారీ సులువు. దేవరకొండ కోటను తలచుకుని మ్యాప్ గీశాను: నిచ్చెనలు, గోడ కింద కాలువ, పేలుడు. ఒక ఓర్క్ పోతే ఇంకొకటి చేతికొస్తుంది. అందుకే ఎవరికీ టెన్షన్ ఉండదు.

ఘటోత్కచుడి రాత్రియుద్ధం అలా కాదు. ఇంద్రుడిచ్చిన 'శక్తి' అనే ఆయుధం కర్ణుడికి ఒక్కసారే పనికొస్తుంది, దాన్ని అర్జునుడి కోసం దాచుకున్నాడు. దాన్ని తమ మీద వేయించుకోవడమే మా ఆటలో రాక్షసుల గెలుపు. ఇరవై ముఖాల పాచికను గుప్పిట్లో బిగించి మా తమ్ముడు అడిగాడు: "అన్నా, సచ్చేటప్పుడు ఎటు పడాలె?" కౌరవసేన మీదికే మరి! నా ఓటు దీనికే.