1,800 రూపాయల స్పైక్స్: బురదలో భేష్, తార్రోడ్డు మీద దండగ

మాది పర్లాకిమిడి. చెల్లి డిగ్రీ ఆఖరి సంవత్సరం, కాలేజీ క్రాస్ కంట్రీ (గడ్డి, మట్టి, బురద మీదుగా సాగే దూరపు పరుగు) టీములో పరిగెడుతుంది. దానికే ఈ స్పైక్స్, అంటే అడుగున మరలతో బిగించే పిన్నులున్న పరుగు బూట్లు. డబ్బులు నావి, కాళ్లు దానివి కాబట్టి ఈ రివ్యూలో సగం మాటలు దానివే. కంపెనీ పేరు రాయను. బరంపురం గిరి రోడ్డులో కొన్నాం. షాపాయన మనవాళ్లే, అడుగు పెట్టగానే "ఏటమ్మా, ట్రాక్‌కా, బురదకా?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకే ఆయనకి మార్కులు వేయొచ్చు.

బురదలో పట్టు నిజంగా బాగుంది. వానలు మొదలైతే మహేంద్రతనయ ఒడ్డున గడ్డి, పొలం గట్లు అన్నీ జారుడే, మామూలు బూట్లతో మలుపు దగ్గర భయపడి వేగం తగ్గించేది, ఇప్పుడు తగ్గించట్లేదు. పెట్టెలో వచ్చిన పిన్నులు పొట్టివి, బురదకి 12 మిల్లీమీటర్లవి విడిగా కొన్నాం. సింథటిక్ ట్రాక్ మీద పరుగుకి 9 దాటకూడదు, మామూలు నేల మీద 25 దాకా రూల్స్ ఒప్పుకుంటాయి, కాబట్టి పోటీ ఎలాంటి నేల మీదో కనుక్కుని బిగించుకోండి.

ఇక తిట్లు. చిటికెన వేలి దగ్గర పైగుడ్డ తొందరగానే చిరిగింది, బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే తాత నైలాన్ దారంతో కుట్టాక కంపెనీ కుట్టుకన్నా గట్టిగా నిలిచింది. లోపలి అట్ట ఒకసారి తడిస్తే ఊడొచ్చేస్తుంది. పిన్నుల మరలు తుప్పు పడతాయి. అందుకే మా గుంట ప్రాక్టీసు నుంచి రాగానే టిఫిన్ కూడా తినకుండా గడప మీద కూర్చుని, పిన్నులన్నీ విప్పి, పాత టూత్‌బ్రష్‌తో సందుల్లో మట్టి తీసి, ఒక్కో మరకీ కొబ్బరినూనె చుక్క వేస్తుంది. పరీక్షల్లోనూ ఇదే తంతు, అమ్మ అరుస్తూనే ఉంటుంది.

ప్లస్ టూలో 1500 మీటర్లు పరిగెత్తేది, ఫైనల్ దాకా ఎప్పుడూ రాలేదు. కాలేజీలో సారు "స్పీడు లేదు గానీ నీకు ఓపికుంది" అని క్రాస్ కంట్రీలోకి మార్చారు. మొదట రిజర్వు, ఇప్పుడు టీములో నాలుగో మనిషి. నాలుగోదంటే చిన్నచూపు చూడకండి. ప్రపంచ క్రాస్ కంట్రీ ఛాంపియన్‌షిప్‌లో కూడా ఆరుగురు పరిగెడితే మొదటి నలుగురి స్థానాలే కూడతారు, తక్కువ మొత్తం వచ్చిన జట్టుదే గెలుపు, అంటే ఆ నాలుగోది చతికిలబడితే ముందు ముగ్గురి కష్టం గంగలో కలిసినట్టే. 2017 కంపాలా పోటీల నుంచి అక్కడ ఆడవాళ్లకీ మగవాళ్లతో సమానంగా 10 కిలోమీటర్లే.

రోజువారీ పరుగుకి మాత్రం ఇవి వద్దు. తెల్లారకముందే పాతపట్నం రోడ్డు పట్టి, ఒడిశాలో బయల్దేరి ఆంధ్రాని ముట్టుకుని వెనక్కొస్తుంది, దానికి పాత రన్నింగ్ షూసే. స్పైక్స్‌లో మెత్తదనం దాదాపు ఉండదు, తార్రోడ్డు మీద వేస్తే పిన్నులు అరగడమే కాదు, పిక్కలు పట్టేస్తాయి. కొత్తలో గడ్డి మీద చిన్న చిన్న పరుగులతో అలవాటు చేసుకోవాలి.

సైజు విషయంలో రేసుకి వేసుకునే పల్చటి మేజోళ్లతోనే తొడిగి చూడండి. ముందు వేళ్లకి కాస్త చోటుండాలి, "అన్నయ్యా, దిగుడులో వేలు నలిగిపోతోంది" అని ఇదివరకటి జతతో రోజూ వినేవాణ్ణి. ఈ ధరకి నేనైతే మళ్లీ ఇవే కొంటాను. పిన్నులు విప్పే రెంచి మాత్రం అడిగి తీసుకోండి, మాకు పెట్టెలో రాలేదు, షాపాయన ఊరికే ఇచ్చాడు.