టాస్కా, ఆపరేషనా, ఎగ్జిక్యూషనా? ఇంటిగ్రేషన్ ప్లాట్‌ఫారాల బిల్లు దేనిమీద పెరుగుతుందంటే

విత్తనాలు, పురుగుమందులు డీలర్లకు సరఫరా చేసే కంపెనీలో ఐటీ చూసుకుంటాను. హైదరాబాద్‌లో హెడ్డాఫీసు, కర్నూలు, గుంటూరు, వరంగల్ లాంటి చోట్ల డిపోలు. డీలరు మొబైల్ యాప్‌లో ఆర్డరు పెడతాడు. అది ఈఆర్పీలోకి (స్టాకు, అమ్మకాలు, ఖాతాలు అన్నీ ఉండే కంపెనీ సాఫ్ట్‌వేర్) రావాలి, స్టాకు చూసుకోవాలి, ఇన్‌వాయిస్ తయారవ్వాలి, జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్ నుంచి ఐఆర్‌ఎన్ (ప్రతి ఇన్‌వాయిస్‌కూ ఇచ్చే ప్రత్యేక నంబరు), క్యూఆర్ కోడ్ తెచ్చుకోవాలి, సరుకు విలువ 50 వేలు దాటితే రవాణాకు ఈ-వే బిల్లు తీయాలి, చివర్లో డీలరుకు వాట్సాప్ మెసేజ్ వెళ్లాలి. ఇలా ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి డేటా అందించేవే ఇంటిగ్రేషన్ ప్లాట్‌ఫారాలు. ఈ గొలుసును వాటిలో మేక్ మీద నడిపాం, మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్ ఆటోమేట్ మీద నడిపాం, మధ్యలో ఇంకో ప్లాట్‌ఫారం కూడా వాడాం, ఇప్పుడు సొంత సర్వరులో ఎన్‌ఎయిట్‌ఎన్ మీద నడుపుతున్నాం. అంతకుముందు ఉద్యోగంలో మ్యూల్‌సాఫ్ట్‌తో కొన్నేళ్లు గడిచాయి. ఏ దాంట్లో ఎన్ని కనెక్టర్లు (ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు రెడీగా దొరికే లింకులు) ఉన్నాయో ఎవరైనా చెబుతారు. నేను డబ్బు సంగతే రాస్తున్నాను.

రేటు కార్డులో నెలకు ఇన్ని డాలర్లు అని ఉండే అంకెను మొదట పక్కన పెట్టండి. వాళ్లు దేన్ని లెక్కపెడుతున్నారో చూడండి. జేపియర్ అనే ప్లాట్‌ఫారం టాస్కులు లెక్కపెడుతుంది, అంటే సక్సెస్ అయిన ప్రతి యాక్షనూ ఒక టాస్కు. పనిని మొదలుపెట్టే ట్రిగ్గర్‌కు, షరతు చూసే ఫిల్టర్‌కు లెక్క ఉండదు. మేక్ (పాత పేరు ఇంటిగ్రోమాట్, 2022లో మార్చారు) ప్రతి మాడ్యూల్ (అంటే ఒక స్టెప్పు) నడిచినప్పుడల్లా ఒక ఆపరేషన్ వేసుకునేది. 2025లో దాన్ని క్రెడిట్లు అన్నారు, మామూలు మాడ్యూళ్లకు లెక్క అదే. ఎన్‌ఎయిట్‌ఎన్ క్లౌడ్‌లో వర్క్‌ఫ్లో మొదటి నుంచి చివరిదాకా ఒకసారి నడిస్తే ఒక ఎగ్జిక్యూషన్, లోపల ఎన్ని స్టెప్పులున్నా సరే. పవర్ ఆటోమేట్‌లో మనిషికింత లేదా బాట్‌కింత. మ్యూల్‌సాఫ్ట్‌లో చాలాకాలం వీకోర్‌కింత, అంటే వాడే సర్వరు సామర్థ్యాన్ని బట్టి. కొత్త కాంట్రాక్టుల్లో ఫ్లోలు, మెసేజ్‌ల లెక్క వచ్చింది.

ఇది ఎంత తేడా తెస్తుందో మా ఇన్‌వాయిస్‌తోనే చూద్దాం. ఒక ఆర్డరులో 10 ఐటమ్‌లు అనుకోండి. ఆర్డరు వచ్చే ట్రిగ్గర్ ఒకటి. కస్టమర్ వివరాలు, ఇన్‌వాయిస్, ఐఆర్‌ఎన్, ఈ-వే బిల్లు, వాట్సాప్ కలిపి మామూలు స్టెప్పులు 5. ఒక్కో ఐటమ్‌కు స్టాకు చూడటం, బ్యాచ్ నంబరు కేటాయించడం రెండు స్టెప్పులు, అంటే మరో 20. పురుగుమందుల్లో బ్యాచ్ నంబరు లేకుండా సరుకు కదలదు కాబట్టి ఆ స్టెప్పు ఎగ్గొట్టలేం. మేక్ పద్ధతిలో ఇది 26 ఆపరేషన్లు, లూప్ నడిపే మాడ్యూల్‌ను పక్కన పెట్టినా. జేపియర్ పద్ధతిలో 25 టాస్కులు. ఎన్‌ఎయిట్‌ఎన్ లెక్కలో 1. నెలకు 5 వేల ఇన్‌వాయిస్‌లయితే ఒకచోట 1,30,000, ఇంకోచోట 1,25,000, మూడోచోట 5,000. పని మాత్రం ఒక్కటే. డెమోలో ఒక్క ఐటమ్ ఉన్న ఆర్డరుతో చూపిస్తారు కాబట్టి ఇది ఎవరికీ తట్టదు.

దీనికి మందు ప్లాట్‌ఫారంలో లేదు, ఈఆర్పీలో ఉంది. 10 ఐటమ్‌ల స్టాకును ఒకేసారి లిస్టుగా అడిగే ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదాన్ని పిలిచే దారి), బ్యాచ్‌లు ఒకేసారి రాసే ఏపీఐ ఈఆర్పీ వాళ్ల చేత రాయించాం. 26 కాస్తా 8 అయింది, నెల లెక్క 40 వేలకు దిగింది. ఆ రెండు ఏపీఐలకు ఈఆర్పీ వెండర్ ఒక్కసారి తీసుకున్న డబ్బు కొద్ది నెలల్లో తిరిగొచ్చేసింది. ప్లాట్‌ఫారం మార్చే ముందు ఈ పని చేసి చూడమని గట్టిగా చెబుతాను.

పోలింగ్, అంటే కొత్త డేటా కోసం పదేపదే వెళ్లి చూడటం, ఇంకో చాటు ఖర్చు. మేక్‌లో కొత్త డేటా ఉందా అని చూసే ట్రిగ్గర్, ఏమీ దొరక్కపోయినా ఒక ఆపరేషన్ తింటుంది. నిమిషానికోసారి చూడమంటే 30 రోజులకు 43,200. పావుగంటకోసారి అయితే 2,880. మా డిపోల్లో రాత్రి 9 తర్వాత ఆర్డర్లే ఉండవు, అయినా తెల్లార్లూ నిమిషం నిమిషం చూస్తూ కూర్చునే ఫ్లోకు డబ్బు కట్టాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల అజ్యూర్ లాజిక్ యాప్స్ కన్సంప్షన్ (వాడినంతకే కట్టే) ప్లాన్‌లో కూడా ట్రిగ్గర్ చూసిన ప్రతిసారీ మీటర్ తిరుగుతుంది. ఎన్‌ఎయిట్‌ఎన్ క్లౌడ్ చవక అని సంబరపడి నిమిషానికో షెడ్యూల్ ట్రిగ్గర్ పెడితే అక్కడా అవే 43,200 ఎగ్జిక్యూషన్లు. వెబ్‌హుక్ (కొత్త డేటా రాగానే తనే కబురు పంపే ఏర్పాటు) ఇచ్చే సాఫ్ట్‌వేర్ అయితే వెబ్‌హుక్కే వాడాలి, వేరే ఆలోచన వద్దు.

ఫెయిలైనవాటి లెక్క అన్నిచోట్లా ఒకలా ఉండదు, దీన్ని అడిగి రాయించుకోవాలి. నెలాఖరు సాయంత్రాలు ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్ నెమ్మదిస్తుంది. మన రిక్వెస్టు వెళ్తుంది, అక్కడ ఐఆర్‌ఎన్ తయారవుతుంది, జవాబు వచ్చేలోపు మనవైపు టైమౌట్. ఫ్లో మళ్లీ పంపుతుంది. ఈసారి పోర్టల్ 2150 ఎర్రర్ ఇస్తుంది, అంటే డూప్లికేట్ ఐఆర్‌ఎన్. రెడీమేడ్ టెంప్లేట్‌లో ఇది మామూలు ఫెయిల్యూరే, కాబట్టి మళ్లీ పంపుతుంది, మళ్లీ 2150. బిల్లు ఖర్చు ఒక పక్క, లారీకి సరుకు ఎక్కించి ఇన్‌వాయిస్ కోసం నిలబడ్డ డిపో మేనేజరు టెన్షన్ ఇంకో పక్క. నిజానికి ఆ ఎర్రర్ జవాబులోనే పాత ఐఆర్‌ఎన్ నంబరు ఉంటుంది. 2150 వస్తే దాన్ని తీసుకుని, డాక్యుమెంట్ నంబరుతో వివరాలు తెచ్చుకుని ముందుకు పోవాలి. ఈ ఒక్క కండిషన్ ఏ విదేశీ ప్లాట్‌ఫారం కనెక్టర్‌లోనూ నాకు రెడీగా దొరకలేదు, మనమే రాసుకోవాలి. అసలు జీఎస్టీ, టాలీ ఉన్నచోట “వందల కనెక్టర్లు” అనే మాటకు పెద్ద విలువ లేదు.

టాలీ సంగతి చెప్పాలి. కొన్ని డిపోల్లో ఇంకా టాలీ ప్రైమే. అది 9000 పోర్టు మీద ఎక్స్‌ఎంఎల్‌తో మాట్లాడుతుంది, మనకు కావలసిన వోచర్లన్నీ ఇస్తుంది, ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా అది నడిచేది అకౌంటెంట్ టేబుల్ మీది కంప్యూటర్‌లో. సాయంత్రం ఆయన సిస్టం ఆఫ్ చేసి వెళ్లిపోతాడు. అమెరికాలో ఉన్న క్లౌడ్‌కు ఆ కంప్యూటర్ కనపడదు. మధ్యలో ఒక గేట్‌వేనో ఏజెంటో పెట్టాలి, దాన్ని ఎవరో ఒకరు చూసుకోవాలి. “అన్నా, నిన్నటి వోచర్లు పడలేదు” అని ఫోనొస్తే సగంసార్లు కారణం కరెంటు పోవడమే. ఈ తిరుగుడు ఖర్చు ఏ కొటేషన్‌లోనూ ఉండదు.

పవర్ ఆటోమేట్ మీద నాకు సదభిప్రాయమే ఉంది, ఒక షరతుతో. మైక్రోసాఫ్ట్ 365 లైసెన్సుతో వచ్చేది స్టాండర్డ్ కనెక్టర్లకే. మన సొంత ఏపీఐని పిలవాలంటే కావలసిన హెచ్‌టీటీపీ కనెక్టర్ ప్రీమియం. అది తగిలిన క్షణం నుంచి యూజరుకు నెలకు 15 డాలర్లు, మనిషితో సంబంధం లేకుండా నడిచే ప్రాసెస్ అయితే 150 డాలర్ల లెక్కలోకి వెళ్తాం (ఇవి ప్రకటించిన ధరలు, మారుతుంటాయి). “మన దగ్గర ఆల్రెడీ ఉంది కదా, ఫ్రీ కదా” అని మేనేజ్‌మెంట్ అనేది స్టాండర్డ్ వరకే నిజం.

మ్యూల్‌సాఫ్ట్‌ను సేల్స్‌ఫోర్స్ (అమ్మకాలు, కస్టమర్ల వివరాలు చూసే సాఫ్ట్‌వేర్ కంపెనీ) 2018లో దాదాపు 650 కోట్ల డాలర్లకు కొన్నది. టెక్నికల్‌గా గట్టి సరుకు. బ్యాంకు, ఇన్సూరెన్స్, పదుల సిస్టంలున్న సంస్థ అయితే ఇచ్చే డబ్బుకు న్యాయం చేస్తుంది. మాలాంటి వాళ్లకు గోటితో పోయేదానికి గొడ్డలి. వాళ్ల పాత క్లౌడ్ సర్వీసు క్లౌడ్‌హబ్‌లో ఒక చిన్న యాప్ కూడా కనీసం 0.1 వీకోర్ ఆక్రమిస్తుంది, రోజుకు రెండుసార్లు నడిచేదైనా సరే. ప్రొడక్షన్ వీకోర్లు వేరు, టెస్టింగువి వేరు. అందుకని డెవలపర్లు సంబంధం లేని నాలుగు పనులు ఒకే యాప్‌లో కుక్కేస్తారు, తర్వాత ఒకటి మారిస్తే నాలుగూ రీస్టార్ట్. లైసెన్సు మోడల్ డిజైన్‌ను ఎలా పాడుచేస్తుందో అక్కడ రోజూ చూశాను. ఒక్క లాభం, మనుషులు దొరుకుతారు. అమీర్‌పేటలో మ్యూల్‌సాఫ్ట్ కోర్సు చేసినవాళ్లు మన ఊళ్లో తక్కువేం కాదు.

అవతలి సాఫ్ట్‌వేర్ కూడా డబ్బు అడుగుతుందని చాలామంది లెక్క వేసుకోరు. శాప్ (పెద్ద కంపెనీల ఈఆర్పీ) వాడే కంపెనీలకు డియాజియో కేసు గుర్తుండాలి. ఆ మద్యం కంపెనీ సేల్స్‌ఫోర్స్ మీద కట్టిన యాప్‌ల నుంచి శాప్‌లోకి డేటా పంపింది. మధ్యలో శాప్ వాళ్ల సొంత ఇంటిగ్రేషన్ సాఫ్ట్‌వేరే ఉంది, దానికి లైసెన్సూ ఉంది. అయినా ఆ యాప్‌ల ద్వారా శాప్‌ను వాడుతున్నవాళ్లకూ లైసెన్సు కట్టాల్సిందేనని 2017 ఫిబ్రవరిలో లండన్ హైకోర్టు తేల్చింది. శాప్ అడిగింది 5.4 కోట్ల పౌండ్లకు పైమాటే. మరుసటి ఏడాది శాప్ డాక్యుమెంట్ల లెక్కతో కొత్త లైసెన్సు తెచ్చింది. ఇంటిగ్రేషన్ ప్లాట్‌ఫారం చవగ్గా దొరికినా, అది శాప్‌లో సృష్టించే ప్రతి సేల్స్ ఆర్డరుకూ అటువైపు లెక్క ఉండొచ్చన్నమాట. సేల్స్‌ఫోర్స్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో రోజుకు లక్ష ఏపీఐ కాల్స్, దానికి తోడు యూజరుకు వెయ్యి. ఐటమ్ ఐటమ్‌కూ కాల్ చేసే ఫ్లో ఉంటే ఈ పరిమితీ తగులుతుంది.

మాకు అసలు దెబ్బ రెన్యువల్‌లో తగిలింది. మధ్యలో వాడామన్న ఆ ప్లాట్‌ఫారం పేరు చెప్పను. మాది సీజను వ్యాపారం. జూన్, జూలైలో ఆర్డర్లు ముంచెత్తుతాయి, మార్చి, ఏప్రిల్‌లో ఈగలు తోలుకోవడమే. వాళ్ల కోటా నెలవారీ, మిగిలింది తర్వాతి నెలకు రాదు. అంటే వానాకాలం సీజనుకు ఓవరేజ్ (కోటా దాటినదానికి అదనం) కట్టాం, వేసవిలో వాడని కోటాకూ కట్టాం. కోటాను ఏడాది మొత్తానికి ఒకే కుప్పగా ఇవ్వమని అడిగితే “ఆ ప్యాకేజీ వేరు సార్” అన్నారు. మూడో ఏడు సేల్స్ మనిషి మారాడు, పాత ప్లాన్ తీసేశామని కొత్త ప్లాన్ అంటగట్టబోయారు. రేటు తడిసి మోపెడైంది. కాంట్రాక్టులో రెన్యువల్ పెంపుకు పరిమితి, ఏడాది కోటా అనే రెండు లైన్లు మొదటి సంతకానికి ముందే రాయించుకోవాలి. సంతకం అయ్యాక మన మాట ఎవరూ వినరు.

డాలర్ బిల్లుకు మన ప్రభుత్వం లెక్క కూడా ఉంది. విదేశీ కంపెనీ నుంచి కొంటే 18 శాతం జీఎస్టీ రివర్స్ చార్జ్ కింద మనమే కట్టాలి, అదీ నగదుగా. తర్వాత క్రెడిట్ తీసుకోవచ్చు కాబట్టి ఖర్చు కాదంటారు, కానీ ఏడాది చందా ఒకేసారి కట్టినప్పుడు ఆ 18 శాతం సర్దడం అకౌంట్స్ వాళ్లకే తెలుసు. రూపాయి జారితే వచ్చే తేడా అదనం.

ఇక ఎన్‌ఎయిట్‌ఎన్. సొంత సర్వరులో పెట్టుకుంటే కమ్యూనిటీ ఎడిషన్‌కు లైసెన్సు ఫీజు లేదు, కంపెనీ లోపలి పనులకు వాడుకోవచ్చు. దాన్నే కస్టమర్లకు అమ్ముకోవడానికి లైసెన్సు ఒప్పుకోదు, అది పూర్తి ఓపెన్ సోర్స్ కాదు. సర్వరు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, బ్యాకప్ మన నెత్తినే. ఎన్‌క్రిప్షన్ కీ (పాస్‌వర్డులను దాచే రహస్య కోడ్) పోతే సేవ్ చేసిన పాస్‌వర్డులన్నీ పోయినట్టే, డేటాబేస్ బ్యాకప్ ఉన్నా పనికిరాదు. అందుకే మా కీ ఒక కాపీ ఫైనాన్స్ హెడ్ లాకర్లో ఉంది. సింగిల్ సైనాన్ (ఆఫీసు లాగిన్‌తోనే లోపలికి వెళ్లడం) లాంటివి పెయిడ్ ప్లాన్లలోనే. భద్రతా అప్‌డేట్లు వచ్చిన రోజే వేయాలి, సెలవు రోజైనా సరే.

మా లెక్కలో దీని అసలు ఖర్చు సర్వరు కాదు, దీన్ని చూసుకునే అబ్బాయి జీతంలో సగం. ఆ సగం జీతం కూడా మేం వదిలేసిన చందా కన్నా తక్కువే పడుతోంది. రోజుకు వంద ఇన్‌వాయిస్‌లు దాటని కంపెనీకి ఈ లెక్క తిరగబడుతుంది. వాళ్లు మేక్‌లోనో జోహో ఫ్లోలోనో ఉండటమే మేలు. ఇంకో చిక్కు, అతను మానేస్తే నోటీసు పీరియడ్ 90 రోజుల్లో ఇంకొకరిని తయారు చేయాలి. అందుకే ప్రతి వర్క్‌ఫ్లోకూ అందులోనే నోట్ రాయమని పట్టుబడతాను. రాయని వర్క్‌ఫ్లోను ప్రొడక్షన్‌లోకి పంపను.

అన్నీ ఎన్‌ఎయిట్‌ఎన్ మీదికి మార్చలేదు. లీవులు, ఖర్చుల అప్రూవల్స్ ఇప్పటికీ పవర్ ఆటోమేట్‌లోనే నడుస్తున్నాయి. అవి స్టాండర్డ్ కనెక్టర్లతో అయిపోతాయి, మేనేజర్లకు టీమ్స్‌లోనే బటన్ వస్తుంది, ఉన్న లైసెన్సులోనే సరిపోతుంది.